రెండో సంతకం

ఇస్హాక్ తెమిరొవ్ బతికుండగా చేసిన ఆఖరి పని ఒక పాచ్‌ను తిప్పికొట్టడం.

సెప్టెంబరు పదకొండు, ఉదయం తొమ్మిదిన్నరకి ఆయన తుల్పార్ అనే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల మెయిలింగ్ లిస్టుకి రెండు వాక్యాలు రాశాడు. "ఈ ముప్పై ఒక్క లైన్లూ ఎందుకు కావాలో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నేను లోపలికి రానివ్వను." ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకుని, టోపీ సర్దుకుని బయటికొచ్చాడు. బిష్కెక్‌లో మాస్కోవ్‌స్కాయా వీధి దాటుతుండగా తెల్లటి నివా కారు ఒకటి ఎర్రలైటుని లెక్కచెయ్యకుండా దూసుకొచ్చి ఆయన్ని ఇరవై అడుగుల దూరం విసిరేసింది. కారు ఆగలేదు. గుమిగూడిన వాళ్లలో ఒకడు ముసలాయన నాడి పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపి, లేచి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ల్యాప్‌టాప్ సంచి కూడా పట్టుకెళ్లాడన్న సంగతి అంబులెన్స్ వచ్చాక గాని ఎవరికీ తట్టలేదు.

మూడో రోజున ఆరో విభాగం నుంచి కాదిర్ ఒమురలీయెవ్‌కి పిలుపొచ్చింది. ఆ విభాగం బోర్డు మీద 'వాతావరణ పరికరాల మరమ్మతు కార్యాలయం' అని ఉంటుంది. కాదిర్‌కి నలభై ఒకటి. పదిహేడేళ్లుగా ఏజెంటు. ఈ పదిహేడేళ్లలో పశువుల డాక్టరుగా, తివాచీల బేరగాడిగా, ఒకసారి పెళ్లికొడుకుగా కూడా వేషం కట్టాడు. ఇంజనీరింగ్ చదివి ఉండటం మాత్రం ఇన్నాళ్లకి పనికొచ్చింది.

కల్నల్ షెరాలీ ఎదురుగా ముసలాయన ఫోటో పెట్టుకుని కూర్చున్నాడు. కెర్నెల్ అంటే తెలుసా అని అడిగాడు. తెలుసన్నాడు కాదిర్. యంత్రానికీ, దాని మీద నడిచే ప్రోగ్రాములకీ మధ్య కూర్చుని ఎవరి వంతు ఎప్పుడో, ఎవరు ఏది ముట్టుకోవచ్చో తీర్చేది కెర్నెల్. దాన్ని పట్టుకున్నవాడి చేతిలో మొత్తం కంప్యూటరు ఉన్నట్టే.

"ఈయన చూసుకునే కెర్నెల్ పేరు తుల్పార్. అది ఎక్కడెక్కడ ఉందో తెలుసా?"

కాదిర్‌కి తెలియదు. కల్నలే చెప్పాడు. రైలు సిగ్నళ్లలో, ఆస్పత్రుల్లో ఊపిరి పోసే యంత్రాల్లో, అరవై డ్యాముల గేట్లలో. ఎవరి సొత్తూ కాదు. కోడ్ అంతా బహిరంగమే. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా ఒక మార్పు రాసి, అంటే పాచ్ రాసి, పంపచ్చు. పెద్దలు ఒప్పుకుంటే అది లోపలికి వెళ్తుంది. ఆ పెద్దల్లో చాలామంది తీరిక వేళల్లో ఊరికే చేసేవాళ్లు. ఇస్హాక్ అలా ముప్పై ఏళ్లు చేశాడు.

"తలుపే లేని ఇంటికి కాపలా ఎలా కాస్తాం?" అన్నాడు కల్నల్. "విదేశీ ముఠా ఒకటి దీని మీద కన్నేసింది. మనవాళ్లు వాళ్లకి ఉస్తాద్‌లని పేరు పెట్టారు. వాళ్లు దొంగతనంగా జొరబడరు. మర్యాదగా చేరతారు. ఏళ్ల తరబడి మంచి పని చేస్తారు, నమ్మకం సంపాదిస్తారు, ఆ తర్వాత ఒక్కటంటే ఒక్క చెడ్డ మార్పు పెడతారు. పెట్టాక ఆ తాళంచెవిని కోరినవాడికి అమ్ముకుంటారు. ఇస్హాక్ అడ్డొచ్చాడు. పోయాడు."

"నన్నేం చెయ్యమంటారు?"

"నువ్వూ మర్యాదగా చేరు."

అలా కాదిర్ దానియార్ అసనొవ్ అయ్యాడు. ఇంటి నుంచి పనిచేసుకునే ప్రోగ్రామరు, కరకోల్‌లో నివాసం. పరికరాల గదిలో గొణుక్కునే ముసలి మెకానిక్ ఒకడు అతనికో బెల్టు ఇచ్చాడు. దాని పొరల మధ్య మూడడుగుల కేబుల్ ఉంది. ఒక కొస ఫోనుకి తగిలించి, రెండో కొస ఏ యంత్రం కన్సోలుకి తగిలించినా దాంతో మాట్లాడచ్చు. మనవాళ్లెవరైనా కలిస్తే గుర్తుపట్టడానికి మాట కూడా ఇచ్చారు. "ఈ ఏడు ఆర్స్‌లాన్‌బాబ్ అక్రోట్లు ఎలా ఉన్నాయి?" అంటే, "తొక్క మందం, పప్పు చేదు" అనాలి.

*

కరకోల్‌నే ఎంచుకోవడానికి కారణం బురుల్ ఎజే. ఎజే అంటే అక్క, ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. ఇస్హాక్ పోయాక కెర్నెల్లో గడియారం భాగం ఆవిడ చేతికొచ్చింది. యాభై ఎనిమిదేళ్ల ఫిజిక్స్ టీచరు. భర్త లేడు. తెల్లవారుజామున అయిదింటికి లేచి, బడివేళ దాకా ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పాచ్‌లు చదివేది.

కాదిర్ మొదటి పాచ్‌లో కోడ్ పక్కన రాసిన ఒక వ్యాఖ్యలోని అక్షరదోషం దిద్దాడు. గంటలో జవాబొచ్చింది. "పాత తప్పు దిద్దినందుకు సంతోషం. నువ్వు కొత్తగా చేసిన రెండు తప్పులు కూడా దిద్ది మళ్లీ పంపు. ఖాళీలు ఎక్కడ వదలాలో రాసి ఉంది, చదువు. చదవడం నామోషీ కాదు."

మూడోసారికి తీసుకుంది. ఆ సాయంత్రం కాదిర్ తన పనిని చూసి తానే నవ్వుకున్నాడు. పదిహేడేళ్ల ఉద్యోగంలో అతను చేసిన పని ఒకటి నలుగురికీ కనిపించేలా నిలిచిపోవడం అదే మొదటిసారి.

చలికాలమంతా నేర్చుకున్నాడు. ఒక పాత కంప్యూటరు మీద కెర్నెల్‌ని కట్టడం, ఎక్కించడం, అది కుప్పకూలితే తెరమీద పడే అంకెల చిట్టా చదివి ఎక్కడ కూలిందో పట్టుకోవడం. వెయ్యి మార్పుల్లో ఏది చెడగొట్టిందో తెలియకపోతే సగానికి వెళ్లి పరీక్షించి, మళ్లీ అందులో సగానికి వెళ్లి, పది అడుగుల్లో దోషిని పట్టుకునే పద్ధతి ఒకటుంది. గూఢచారి పనిలో అలాంటిది ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడు.

ఎజే ఒకరోజు, ఒకే ఊళ్లో ఉండి మెయిళ్లేమిటని ఇంటికి పిలిచింది. కరకోల్ వాళ్లు పుల్లగా కారంగా చల్లగా తినే ఆష్‌ల్యాన్‌ఫూ గిన్నెనిండా పెట్టింది. ఆవిడ ముందున్న టీ మాత్రం ఎప్పుడూ చల్లారిపోయే ఉండేది. కోడ్ ఎలా రాయాలో ఆవిడ పెద్దగా చెప్పలేదు. ఎలా చదవాలో చెప్పింది. ప్రతి మార్పు కిందా రాసినవాడి సంతకం ఒకటి, చదివి బాగుందన్న వేరే మనిషి సంతకం ఒకటి ఉండాలి. ఆ రెండో సంతకం మీదే ఇల్లంతా నిలబడి ఉందని ఆవిడ నమ్మకం. ఇస్హాక్ గురించి మాత్రం ఒక్కసారే మాట్లాడింది. "ముప్పై ఏళ్లు అందరి కోడూ చూశాడు తమ్ముడూ. ఆయన్ని చూసినవాడు ఒక్కడూ లేడు."

జూన్‌లో ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున, చోల్పోన్-అతాలో తుల్పార్ రాసేవాళ్ల సమావేశం జరిగింది. ఖర్చంతా 'ఉత్తర వారధి' అనే నిధి పెట్టుకుంది. దాని తరఫున వచ్చింది రెగీనా వలీతొవా. వెలిసిపోయిన టీషర్టుల మధ్య ఆకుపచ్చ పట్టు గౌను. నలుగురు కుర్రాళ్లు ఒక కుర్చీ కోసం పరిగెత్తారు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చోకుండా నేరుగా కాదిర్ దగ్గరికొచ్చింది.

"ఈ ఏడు ఆర్స్‌లాన్‌బాబ్ అక్రోట్లు ఎలా ఉన్నాయి?"

కాదిర్ సరస్సు వైపే చూస్తూ జవాబిచ్చాడు.

నీళ్ల ఒడ్డున నడుస్తూ ఆవిడ తన సంగతి చెప్పింది. నాలుగేళ్లుగా ఆరో విభాగం తరఫునే ఉస్తాద్‌ల మధ్య తిరుగుతోంది. కల్నల్‌ని అడిగితే అవునన్నాడు. రెగీనా చెప్పిన రెండో విషయం ఎజే గురించి. ముఠాకి లోపలున్న చెయ్యి బురుల్ ఎజేదట. ఇస్హాక్ చనిపోయిన రోజు ఉదయం తొమ్మిదీ పదికి ఆయనకొచ్చిన ఆఖరి ఫోను ఆవిడదే. రెగీనా ఫోను కంపెనీ కాగితం చూపించింది. కాగితం నిజమైనదే.

ఆ తర్వాత ఎజే ఇంట్లో తింటున్నంతసేపూ అతను ఆవిడ ఫోను మీదే కన్నేసి ఉంచాడు.

*

కాదిర్ కరకోల్ వచ్చి ఏడాదిన్నర గడిచింది. మార్చి మొదట్లో ఎజే కళ్ల ఆపరేషన్‌కి బిష్కెక్ వెళ్లింది. పదిహేను రోజులు తెర చూడకూడదన్నారు. సరిగ్గా ఆ వారంలోనే మార్టిన్ వేల్ నుంచి మెయిలొచ్చింది. వేల్‌ని ఎవరూ కళ్లతో చూడలేదు గాని మూడేళ్లుగా లిస్టులో ఉన్నాడు, మర్యాదస్తుడు, కొత్తవాళ్లకి ఓపిగ్గా సాయం చేసేవాడు. గడియారం భాగంలో నాలుగు లైన్ల చిన్న సవరణ, కొత్త వెర్షన్‌లోకి వెళ్లాలంటే రెండో సంతకం కావాలి, ఎజే లేదు కాబట్టి మీరు చూస్తారా అని అడిగాడు.

అదే పూట రెగీనా ఫోన్ చేసింది. "పెట్టండి. వేల్ మంచివాడు, నేను వాకబు చేశాను. ఇది పెడితే మీ పేరు పెద్దల జాబితాలోకి ఎక్కుతుంది. ఆవిడ ఏం దాస్తోందో అప్పుడు తిన్నగా చూడచ్చు."

కాదిర్ పాచ్‌ని కట్టాడు, పరీక్షలు నడిపాడు. నలభైకి నలభై నెగ్గాయి. మూడో లైన్లో ఒక మైనస్ గుర్తు ఎందుకుందో అర్థం కాలేదు. భోజనం వేళయింది. 'చదివాను, బాగుంది. దానియార్ అసనొవ్' అని రాసి పంపి, వెళ్లి భోంచేశాడు.

ఏప్రిల్ ఇరవై ఆరు, ఉదయం ఏడు దాటిందో లేదో, ఎజే ఫోను.

"తమ్ముడూ, పదిహేను రోజులన్న కన్ను నెలన్నర దాటినా మానలేదు, మార్చిలో నీ సంతకంతో వెళ్లిన నాలుగు లైన్లు ఇవాళే చూస్తున్నాను. నువ్వు చదివావా?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడ చెప్పుకుపోయింది. గొంతు బడిలో పాఠం చెప్పినట్టే నింపాదిగా ఉంది. ఇస్హాక్ తిప్పికొట్టిన ముప్పై ఒక్క లైన్లని ఎవరో మూడు ముక్కలు చేశారు. రెండు ముక్కలు గత ఏడాదిలో వేరేవేరే పేర్లతో, వేరేవేరే చోట్ల లోపలికి చేరాయి. వాటంతట అవి ఏ హానీ చెయ్యవు. మూడోది ఇది. యంత్రం మొదలైన దగ్గర్నుంచీ కెర్నెల్ సెకనుకి వెయ్యి చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఆ లెక్క ఒక హద్దు దాటగానే అంకె తిరగబడి మైనస్ అవుతుంది. మూడు ముక్కలూ కలిస్తే, ఆ క్షణం నుంచి కెర్నెల్ తనకి వచ్చే మొదటి ఆజ్ఞని యజమాని ఆజ్ఞగా తీసుకుంటుంది. ఎవరు పంపారని అడగదు.

"ఎంతసేపటికి తిరగబడుతుంది?"

"ఇరవై నాలుగు రోజుల ఇరవై గంటల ముప్పై ఒక్క నిమిషాలు."

తుల్పార్ కొత్త వెర్షన్‌ని అందరికంటే ముందు ఎక్కించుకున్నది కరా-తాష్ డ్యాము. ఏప్రిల్ ఒకటి, మధ్యాహ్నం రెండింటికి. ఫోటోలు పేపర్లో పడ్డాయి. కాదిర్ వేళ్ల మీద లెక్కేశాడు. ఈ ఉదయం పదీ ముప్పై ఒకటి. కొండల మీద మంచు కరిగి జలాశయం నిండు కుండలా ఉన్న రోజులు. దిగువ లోయలో నలభై వేల మంది.

కల్నల్‌కి ఫోన్ చేశాడు. కల్నల్ డ్యాము మేనేజరుకి చేశాడు. నాలుగు నిమిషాల తర్వాత తిరిగి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. రెగీనా తనిఖీ పేరుతో నిన్నటి నుంచి డ్యాము దగ్గరే ఉంది. ఇవాళ ఆరో విభాగం భద్రతా విన్యాసం జరుగుతుందని, ఎవరు ఫోన్ చేసినా ఏదీ ముట్టుకోవద్దని మేనేజరుకి చెప్పి ఉంచింది. అదంతా విన్యాసంలో భాగమేనని మేనేజరు నవ్వి ఫోను పెట్టేశాడు. మళ్లీ ఎత్తడం లేదు.

"ఆవిడ మాట ఎలా నమ్మాడు?" అన్నాడు కాదిర్.

"ఆవిడ దగ్గర ఉత్తరం ఉంది. కింద సంతకం నాది." అన్నాడు కల్నల్. "ఇక్కణ్ణించి నా మనుషులు చేరేసరికి నాలుగున్నర గంటలు. నువ్వు దగ్గర."

*

ఎజే ఒక కంటికి ఇంకా గాజుగుడ్డ కట్టుతోనే కారెక్కింది. వద్దంటే వినలేదు. ఇస్హాక్ రాసిన అత్యవసర మీటలు డ్యాము యంత్రాల్లో ఉన్నాయి. కన్సోలు దొరికితే ఎంత తాళం వేసిన యంత్రాన్నైనా రీస్టార్ట్ చెయ్యచ్చు. రీస్టార్ట్ అయితే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, గేటు దానంతట అదే మూతపడుతుంది. ఆ మీటల వరస ఆవిడకి కంఠతా వచ్చు.

కొండదారిలో గంట ప్రయాణం అయ్యాక కాదిర్ నోరు విప్పాడు.

"ఎజే, నా పేరు దానియార్ కాదు."

"అనుకున్నాను" అంది ఆవిడ. "ఇల్లు అద్దెకి తీసుకున్న ఏడాదిన్నరలో ఒక్క చుట్టమైనా గడప తొక్కని కిర్గిజ్‌వాణ్ణి నేనెక్కడా చూళ్లేదు. పోలీసువో, పన్నులవాడివో అనుకున్నాను. నేర్చుకోవడం మాత్రం నటన కాదనుకున్నాను."

"అది నటన కాదు."

"మరి ఆ నాలుగు లైన్లు చదివావా?"

"పరీక్షలు నడిపాను."

"నేనడిగింది అది కాదు."

"ఒక మైనస్ గుర్తు అర్థం కాలేదు. అడుగుదామంటే మీరు లేరు. సంతకం పెట్టేశాను."

ఎజే కిటికీలోంచి బయటికి చూసింది. "ఇస్హాక్ అన్న అర్థం కాలేదని రాసి చచ్చిపోయాడు. నువ్వు రాయకుండా బతికున్నావు."

అతను ఇంకొకటి కూడా అడగాల్సి వచ్చింది. ఆ ఉదయం తొమ్మిదీ పదికి చేసిన ఫోను. ఆవిడ దాచలేదు. ఆ ముప్పై ఒక్క లైన్లు ఎందుకో నచ్చడం లేదు, మీరోసారి చూడండని చెప్పడానికి చేసింది. ఆ రోజు ఆవిడ పనిమీద బిష్కెక్ యూనివర్సిటీలో ఉంది. చూశాక మాట్లాడదాం, బయల్దేరి అక్కడికే వస్తానన్నాడాయన. "ఇంట్లోనే ఉండమని ఉంటే" అని, ఆ మాట అక్కడే వదిలేసింది.

డ్యాము గేటు దగ్గర కాపలావాడు తుపాకీ అడ్డం పెట్టాడు. విన్యాసం జరుగుతోంది, లోపలికి ఎవరినీ పంపద్దన్నారన్నాడు. కాదిర్ జేబులోని నాలుగు గుర్తింపు కార్డుల్లో ఏది తియ్యాలా అని ఆలోచిస్తుండగా ఎజే కారు దిగింది. కాపలావాడి మొహం మారిపోయింది.

"ఎజే, మీరా?"

"పదో తరగతిలో నీకెన్ని మార్కులు వేశానో గుర్తుందా?"

"గుర్తుంది ఎజే."

"అడగకుండానే పాస్ చేశాను. తలుపు తియ్యి."

గేట్ల యంత్రాలు గోడ లోపలి పొడుగాటి గ్యాలరీలో ఉన్నాయి. మూడు గేట్లకి మూడు ఉక్కు బీరువాలు. తాళాలు వేసి ఉన్నాయి, కరెంటు తీసినా లోపలి బ్యాటరీల మీద నడుస్తాయి. కన్సోలు తగిలించే రంధ్రం మాత్రం బయటికే ఉంది. కంట్రోల్ రూము తలుపు మూసి ఉంది. అద్దంలోంచి చూస్తే ఇద్దరు ఆపరేటర్లు బల్ల మీద తలలు వాల్చి పడున్నారు, పక్కనే టీ కప్పులు. ఆ గది లోపలే తీగల మధ్య ఆజ్ఞ పంపే అగ్గిపెట్టెంత పరికరం ఒకటి, దాని మీద చిన్న ఎర్రదీపం. ఈ డ్యాముకి బయట నెట్‌తో సంబంధం లేదు. ఆజ్ఞ పంపాలంటే మనిషి వచ్చి తీరాలి. అందుకే రెగీనా వచ్చింది.

గోడ గడియారం పదీ ఇరవై రెండు చూపిస్తోంది.

"ఇంకా తొమ్మిది నిమిషాలే కాదిర్" అంది వెనకనుంచి రెగీనా. తెల్లటి హెల్మెట్, ఎర్రటి పెదవులు, చేతిలో చిన్న పిస్తోలు. "కదలకుండా నిలబడు చాలు. తర్వాత నీ దారి నీది."

"ఇస్హాక్ ఏ దారిన వస్తాడో నువ్వే చెప్పావా?"

"కాపలా పెట్టడానికి మీ కల్నలూ అడిగాడు, ఉస్తాద్‌లూ అడిగారు. ఇద్దరికీ నిజమే చెప్పాను. ఉస్తాద్‌లు ముందు వెళ్లారు."

"నలభై వేల మంది రెగీనా."

"ఇది నమూనా." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కొనేవాళ్లకి ఒకటి చూపించాలట. మిగిలిన యాభై తొమ్మిదీ ఎవరూ పేల్చరు. చూపించి బెదిరిస్తారు. నేను వద్దన్నా ఇంకొకరు వస్తారు. నాలుగేళ్లు రెండు వైపులా పనిచేశాక ఏ వైపు నాదో తెలియకుండా పోయింది."

ఆవిడ ఎజేని చూడలేదు. మెట్ల దగ్గరే ఆగిపోయిన టీచరు గోడనున్న పెద్ద స్విచ్చిని రెండు చేతులా కిందికి లాగింది. గ్యాలరీ చీకటైపోయింది. పిస్తోలు పేలింది. కాదిర్ ఎడమ అరచేతిలో నిప్పు పెట్టినట్టయింది. అతను కింద నుంచి ఆవిడ మోకాళ్ల మీద పడ్డాడు. పిస్తోలు ఎక్కడో ఇనుప జాలీలోంచి జారి, చాలాసేపటికి నీళ్ల చప్పుడు చేసింది. రెగీనా అతని మొహాన్ని బూటుతో తన్ని లేచి, దెబ్బ తిన్న మోకాలితో కుంటుతూ వెళ్లిపోయింది. గ్యాలరీ మెట్లన్నీ దిగితే, ఒకటో గేటు ముందున్న ఇనుప వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి దారుంది. అక్కడ ఆవిడ కారుంది.

ఎజే లైట్లు వేసింది. పదీ ఇరవై ఏడు.

వెంటపడాలా, యంత్రాల దగ్గర ఉండాలా అని కాదిర్ ఆలోచించలేదు. బెల్టు చించి కేబుల్ తీసి మూడో బీరువాకి తగిలించాడు. నెత్తురుతో ఫోను జారిపోతోంది. ఎజే అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒంటి కంటితో తెర చూస్తూ చెప్పింది. "ముందు బ్రేక్ సంకేతం పంపు. అయిదు సెకన్లలోపు ఆర్ అక్షరం నొక్కు. తొందరపడకు, తప్పితే మళ్లీ మొదటికొస్తావు."

మొదటిసారి తప్పింది. రెండోసారి బీరువాలో ఫ్యాను ఆగి, మళ్లీ తిరగసాగింది. తెర మీద లెక్క సున్నాకొచ్చింది. పదీ ఇరవై తొమ్మిది.

రెండో బీరువా. రంధ్రం నిండా దుమ్ము, కేబుల్ పట్టలేదు. ఎజే వంగి ఊదింది. పట్టింది. బ్రేక్, ఆర్. పదీ ముప్పై దాటి యాభై సెకన్లు.

ఒకటో బీరువాకి పాతిక అడుగులు. అతను పరిగెత్తాడు. కేబుల్ తగిలిస్తుండగానే కాళ్ల కింద నేల వణికింది. డ్యాము గోడ మొత్తం మూలిగినట్టు చప్పుడు. ఒకటో గేటు లేచింది.

"చూడకు" అంది ఎజే. "బ్రేక్."

పంపాడు.

"ఆర్."

వేలు మీట మీద నెత్తుట్లో జారింది. మళ్లీ. గేటు లేస్తూనే ఉంది. కిటికీలోంచి తెల్లటి నీటి గోడ ఒకటి ఇనుప వంతెనని అగ్గిపుల్లలా ఎత్తుకుపోవడం కనిపించింది. వంతెన మీద తెల్లటి హెల్మెట్ ఒక్క క్షణం ఉంది, ఆ తర్వాత లేదు.

"మళ్లీ బ్రేక్" అంది ఎజే అదే గొంతుతో. "ఇప్పుడు ఆర్."

ఫ్యాను ఆగింది. గేటు తన బరువుకి తానే దిగి, కొండ విరిగి పడ్డట్టు మూతపడింది. అది తెరుచుకున్నది మొత్తం పంతొమ్మిది సెకన్లు. పూర్తిగా లేవడానికి ఇంకో పది సెకన్లు చాలు, లేస్తే ఆ ఒరవడికి మళ్లీ దింపడం ఎవరి తరమూ కాదని తర్వాత ఇంజనీర్లు చెప్పారు.

పంతొమ్మిది సెకన్ల నీళ్లు లోయ దాకా వెళ్లేసరికి మోకాలి లోతు వరదైంది. రెండు గొర్రెల దొడ్లు పోయాయి. అయితే డ్యాముకి అరమైలు దిగువన సొవెత్‌బెక్ అనే యాభై రెండేళ్ల మనిషి, రోజూలాగే నీటి మట్టం కర్ర చూసి పుస్తకంలో రాసుకోవడానికి ఒడ్డున కూర్చుని ఉన్నాడు. మూడో రోజున దొరికాడు.

*

కల్నల్ రిపోర్టులో మిషన్ విజయవంతం అని రాశాడు. మృతులు ఇద్దరు, అందులో ఒకరు శత్రువు. కాదిర్ సొవెత్‌బెక్ ఇంటికి వెళ్లాడు. కిర్గిజ్ ఆచారం ప్రకారం ఏడుపు వినిపిస్తున్న గుడారం బయట నిలబడ్డాడు. లోపలికి పిలిచారు. ఎవరు బాబూ నువ్వు అని ముసలి తల్లి అడిగింది. రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, తల వంచుకుని బయటికొచ్చేశాడు.

మార్టిన్ వేల్ మళ్లీ మెయిలు రాయలేదు. ప్రపంచమంతా తుల్పార్ పెద్దలు ఆ మూడు ముక్కల కోసం తమ యంత్రాలు వెతుక్కుంటున్నారు. వాటిని శుభ్రంగా తీసేసే పాచ్‌ని కాదిర్ కరకోల్ ఇంట్లోనే కూర్చుని, కుడి చేత్తో ఒక్కో మీటా నొక్కుతూ రాశాడు. వారం పట్టింది. ఈసారి ప్రతి లైనూ ఎందుకుందో తెలుసుకున్నాడు. తెలియని చోట ఎజేని అడిగాడు. వివరణలో ఏదీ దాచలేదు. చదవకుండా రెండో సంతకం పెట్టింది తనేనని, దాని వల్ల ఒక మనిషి పోయాడని, ఆ మనిషి పేరు సొవెత్‌బెక్ అని రాశాడు. కింద అలవాటు కొద్దీ దానియార్ అసనొవ్ అని పెట్టి పంపాడు.

అందరూ చదివే లిస్టులోనే ఎజే జవాబిచ్చింది.

"పాచ్ సరిగ్గా ఉంది. పంపినవాడు లేడు. ఉన్నవాడి పేరుతో మళ్లీ పంపితే తీసుకుంటాను."

కాదిర్ ఆ పేరు చెరిపేసి, అమ్మానాన్నా పెట్టిన పేరు అక్షరం అక్షరం కొట్టి పంపించాడు.

ఎజే రెండో సంతకం పెట్టిన పది నిమిషాల్లో కల్నల్ ఫోను. అది ఎన్ని దేశాల్లో చదువుతారని అడిగాడు. అన్ని దేశాల్లోనూ అన్నాడు కాదిర్. మళ్లీ తీసెయ్యడానికి వీలుందా అంటే, ఒకసారి చేరింది చరిత్రలోంచి పోదు, అది ఈ పద్ధతి గొప్పతనమన్నాడు. కల్నల్ ఫోను పెట్టేశాడు.

వారం తిరిగేసరికి ఆ పేరు రైలు సిగ్నళ్లలోకి, ఆస్పత్రుల్లోకి, అరవై డ్యాముల గేట్లలోకి దిగిపోయింది. ఆరో విభాగం బీరువాలో అతని ఫైలు మీద మాత్రం ఇప్పటికీ 'పేరు వెల్లడించరాదు' అన్న ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.